రుచి చూడని ఇంట్లో రొయ్యలు

మా ఇంట్లో వండేవాళ్ళు రుచి చూడరు. పులిహోర పులుసు కుతకుతా ఉడుకుతున్నా సరే, గంటె అంచుకు అంటింది నాలుకకు రాసుకుని ఉప్పు సరిపోయిందా అని చూసే అలవాటు మాకు లేదు. వండింది ముందు పెరుమాళ్ళు ఆరగించాలి, తరువాతే మనిషి నోటికి. మూత తీసి వాసన పీల్చినా ఎంగిలి చేసినట్టే లెక్క. తాత, నాయన ఇద్దరూ గుడి వంటశాలలో ప్రసాదాలు వండినవాళ్ళు. ఎంత ఉప్పు వెయ్యాలో వాళ్ళ వేళ్ళకు తెలుసు, నాలుకతో పని లేదు. నాయన పోయాక ఆ చేతి కొలత అమ్మకు మిగిలింది. ఇంట్లో దేవుడి వంట అమ్మ చేస్తుంది. పొద్దున కాలేజీలో పాఠాలు చెప్పడానికి పోయే ముందు నేను స్నానం చేసి, సాలగ్రామానికి పూజ చేసి, అమ్మ వండింది నైవేద్యం పెడతాను. గొప్పకు చెప్పడం లేదు. ఆ అలవాటే ఒక శుక్రవారం నా కొంప ముంచబోయింది, అందుకని చెబుతున్నాను.

నా భార్యది గూడూరు దాటాక సముద్రం వైపు పల్లె. మేమిద్దరం చెన్నైలో ఉద్యోగాలు చేస్తున్నప్పుడు కలిశాం. పెళ్ళి మాట వచ్చినప్పుడు అమ్మ కులం గురించి రెండు రోజులు బాధపడి, మూడో రోజు ఆమెను కూర్చోబెట్టుకుని ఒకే ఒక్క మాట అడిగింది. "ఇంట్లో మాత్రం వద్దమ్మా. బయట నీ ఇష్టం వచ్చింది తిను, నేను అడగను." ఆమె సరేనంది. తిరుపతికి వచ్చి మా ఇంట్లో కాపురం పెట్టాక ఆ మాట ఒక్కనాడూ తప్పలేదు. అమ్మ కూడా ఆమె బయట ఏం తిని వచ్చిందో ఒక్కనాడూ అడగలేదు. అత్తాకోడళ్ళ మధ్య ప్రేమ కన్నా ఈ మర్యాద గట్టిదని నేను లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

మొదటిసారి కడుపు నాలుగో నెలలో పోయింది. రెండోసారి నెల తప్పినప్పటి నుంచి ఇంట్లో ఎవరమూ గట్టిగా నవ్వలేదు, గట్టిగా మాట్లాడలేదు. వేవిళ్ళు మూడో నెలతో పోతాయన్నారు, పోలేదు. నాలుగో నెల దాటితే తగ్గుతాయన్నారు, పెరిగాయి. మంచినీళ్ళు తాగినా కక్కేది. పోపు వేస్తే ఆ పొగకే బక్కెట దగ్గరికి పరిగెత్తేది. అమ్మ మిరియాల చారు పెట్టింది, దద్దోజనం కలిపింది, కందిపొడిలో నెయ్యి వేసి ముద్దలు చేసింది, కరివేపాకు వేయకుండా, ఇంగువ వేయకుండా, చివరికి ఏమీ వేయకుండా వండింది. అన్నీ తిరిగొచ్చాయి. ఆకలి రుచి ఎరుగదు అన్న మహానుభావుడెవరో కడుపుతో ఉన్న ఆడమనిషిని చూసి ఉండడు.

డాక్టరమ్మ ఆమె చేతిని పట్టుకుని చూసి, ఈ వారం కూడా బరువు తగ్గితే ఆస్పత్రిలో చేర్చుకుంటానంది. "ఏది తినాలనిపిస్తే అది పెట్టండి. బాగా ఉడికించి పెట్టండి, అంతే. ఇప్పుడు పథ్యాలు గిథ్యాలు పెట్టుకోకండి." ఆ మాట అంటూ ఆమె నా నొసటి నామం వైపు చూసింది. నాకు ఒళ్ళు మండింది గాని, ఆమె తప్పు చెప్పలేదు.

ఆ సాయంత్రం నా భార్య గోడ వైపు తిరిగి పడుకుని, నా ముఖం చూడకుండా అంది. "చెప్తే తిట్టబాక. నాకు రొయ్యలు తినాలని ఉండాది."

బయట నుంచి తెచ్చి చూశాను. హోటల్ పొట్లం విప్పగానే మసాలా వాసనకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొట్లం మూతి కట్టేసి బయట పారేసి వచ్చాను. ఆమెకు కావలసింది ఆ రొయ్యలు కాదు. చెన్నైలో అద్దె గదిలో ఉన్నప్పుడు తనే చేసుకునేది: వెన్న, తెల్లగడ్డ, మిరియాల పొడి, నిమ్మకాయ. అంతే. నూనె లేదు, మసాలా లేదు, పోపు పొగ లేదు. వేడిగాలితో కాల్చే ఒక నల్లటి డబ్బా, ఎయిర్ ఫ్రయర్, దాంట్లో పెట్టి తీసేది. ఆ డబ్బా పెళ్ళయ్యాక ఆమెతో పాటే మా ఇంటికి వచ్చింది. నీచు వండిన పెట్టె కాబట్టి అమ్మ దాన్ని వంటగదిలోకి రానివ్వలేదు, బయట పారెయ్యమనీ అనలేదు. మా పడకగది అటక మీద అట్టపెట్టెలో పడి ఉంది.

"ఊరికే చెప్పినా. వద్దులే. అత్తకు మాట ఇచ్చినా," అంది.

"నువ్వు ఇచ్చినావు. నేను ఇవ్వలేదు," అన్నాను. ఇంత తెలివైన మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. రాత్రంతా దాన్నే తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

అమ్మ శుక్రవారాలు వీధిలో ఆడవాళ్ళతో కలిసి తిరుచానూరు అమ్మవారి దర్శనానికి పోతుంది. పొద్దున పోతే మధ్యాహ్నం దాటాకే రావడం. అదే అదను. అమ్మ ఎక్కిన ఆటో సందు మలుపు తిరిగిందో లేదో నేను కాలేజీకి సెలవు చెప్పి, బండి తీసుకుని చేపల అంగడికి పోయాను. పుట్టి బుద్ధెరిగాక ఆ వీధిలోంచి ముక్కు మూసుకుని పోవడమే తెలుసు. నామం చెరిపేసుకుని పోయాను. అంగడివాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఒలిచినవా, ఒలవనివా?"

"ఒలిచినవి."

"నరం తీసెయ్యల్నా?"

రొయ్యకు నరం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తీసెయ్యమన్నాను. వాడు వీపు మీద కత్తి గీసి నల్లటి దారంలాంటిది లాగుతుంటే నేను పక్కకు తిరిగి ఎదురుగా గోడ మీద సినిమా పోస్టరు చూస్తూ నిలబడ్డాను. ఐసు నింపిన తెల్ల డబ్బాలో పెట్టించుకుని, దాన్ని కాలేజీ సంచిలో దూర్చి, దారిలో ఒక కొత్త స్టీలు గిన్నె, పళ్ళెం, చెంచా, కత్తి, చిన్న రోలు కొన్నాను. మా ఇంటి గిన్నెలు వాడలేను కదా. ఒక వెన్న ప్యాకెట్టు కూడా కొన్నాను. ఫ్రిజ్జులో అమ్మ చిలికిన వెన్న ఉంది గాని, అది మర్నాడు శనివారం ఆరగింపుకు ఎత్తిపెట్టింది. దాని మీద చెయ్యి వెయ్యడం నా వల్ల కాదు.

వంటగదిలో వండడం మాట ఊహలో కూడా లేదు. ఇంటి వెనక గుడ్డలుతికే చిన్న వరండా ఉంది, వాషింగ్ మెషీన్ కోసం పెట్టిన ప్లగ్గు ఉంది. వంటగదికి వరండాకు మధ్య తలుపు మూసి, కింద సందులో పాత తువ్వాలు కుక్కాను. అటక మీది నల్ల డబ్బా దించి తుడిచి మెషీన్ మీద పెట్టాను. ఆమె ముందుగదిలో తలుపేసుకుని పడుకుంది. ఒకే ఇంట్లో ఉంటూ ఫోనులో మాట్లాడుకున్నాం.

"తెల్లగడ్డలు ఒలిచినావా?"

"ఒలుస్తా ఉండా. వేళ్ళకు అతుక్కుంటా ఉండాది."

"పచ్చిగా దంచు. మరీ మెత్తగా వద్దు. వెన్న కరగబెట్టి దాంట్లో కలుపు."

మా ఇంట్లో తరతరాలుగా తెల్లగడ్డ గుమ్మం దాటి లోపలికి రాలేదు. రోట్లో మొదటి పాయ నలిగినప్పుడు వచ్చిన ఘాటుకు నాకు నాయన గుర్తొచ్చాడు, చెయ్యి ఆగింది. అంతలో ఫోనులో ఆమె ఊపిరి వినిపించింది. మళ్ళీ దంచాను. వెన్నలో కలిపాను, మిరియాల పొడి వేశాను, గూడూరు నుంచి మామ పంపిన నిమ్మకాయ కోసి పిండాను. ఉప్పు చేతిలోకి తీసుకుని, అమ్మ ఎట్లా తీసుకుంటుందో అట్లాగే మూడు వేళ్ళతో చల్లాను. రొయ్యలు దాంట్లో దొర్లించి సగం మాత్రం బుట్టలో పరిచాను. ఒకదాని మీద ఒకటి పడితే ఉడకవని ఆమె చెప్పింది. మిగతావి ఐసు డబ్బాలోనే ఉంచాను.

"కొడవలి మాదిరి వంగితే చాలు. చుట్ట చుట్టుకుంటే గట్టిపడినట్టు," అంది. "ఉప్పు చూసినావా?"

"ఆ."

చూసినానంటే కంటితో చూశాను. నాలుకతో చూడడం అనేది నాకు తట్టనే లేదు. తట్టినా రొయ్యల గిన్నెలో వేలు ముంచి నాకేవాణ్ణా?

డబ్బా బుస్సుమని తిరుగుతోంది. పొగ రాదన్నమాట నిజమే గాని వాసన రాదని ఎవరూ అనలేదు. వెన్న, తెల్లగడ్డ కలిసి కాగే వాసన మొదట వరండా అంతా కమ్మింది, తరువాత తువ్వాలు సందులోంచి వంటగదిలోకి దూరింది. నేను కిటికీ తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. తెరిస్తే వీధికి తెలుస్తుంది, మూస్తే అమ్మకు తెలుస్తుంది. కాలుగాలిన పిల్లిలా ఆ ఇరుకు వరండాలో అటూ ఇటూ తిరిగాను. డబ్బా లాగి చూస్తే బూడిద రంగువన్నీ ఎర్రబడి కొడవళ్ళలా వంగి ఉన్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పళ్ళెంలో పెట్టుకుని ముందుగదికి పరిగెత్తాను.

ఆమె లేచి కూర్చుంది. వాసన పీల్చింది. ముఖం తిప్పుకోలేదు. ఎన్నో వారాల తరువాత తిండి ముందు ముఖం తిప్పుకోకుండా కూర్చోవడం చూసి పళ్ళెం ఆమె ముందుకు జరిపాను. ఒకటి తీసి కొరికింది. నమిలింది. కనుబొమలు దగ్గరకు వచ్చాయి. ఇంకొకటి కొరికింది, బహుశా నా ముఖం చూసి జాలిపడి. అప్పుడు చేత్తో నోరు మూసుకుంది, మంచం దిగింది, బక్కెట మీదికి వంగింది.

"ఉప్పు," అంది, ఆయాసపడుతూ. "ఒట్టి ఉప్పు... ఏం వెన్న అది?"

ప్యాకెట్టు తెచ్చి చూపించాను. ఆమె నేల మీదే కూర్చుని దాన్ని చూసి, గోడకు తల ఆనించుకుంది. "ఉప్పు కలిపిన వెన్న. దాని మీద నువ్వు మళ్ళీ ఉప్పు వేసినావా?"

వెన్నలో ఉప్పు కలుపుతారని నాకేం తెలుసు? మా ఇంట్లో వెన్న అంటే అమ్మ చిలికింది, కృష్ణుడి చేతిలో పెట్టేది. దాంట్లో ఎవడైనా ఉప్పు కలుపుతాడా? నాకు అంగడివాడి మీద కోపం, ఆ వెన్న చేసినవాడి మీద కోపం, చూసినావా అని అడిగి ఊరుకున్న ఆమె మీద కూడా కోపం. "ముందే చెప్పొచ్చు గదా!" అని అరిచాను. ఆమె ఏడ్చింది. శబ్దం రాకుండా భుజాలు మాత్రం కదులుతూ ఏడ్చింది. మొదటి బిడ్డ పోయినప్పుడు కూడా అట్లాగే ఏడ్చింది. నా కోపం నీళ్ళు కారిపోయి భయం మిగిలింది.

అప్పుడు గంట మోగింది.

తలుపు తీస్తే అమ్మ. "క్యూ బజారు దాకా ఉండాది రా. మోకాళ్ళు వల్లగాక వచ్చేసినా," అంటూ చెప్పులు విడిచింది. బయట నుంచి రాగానే వెనక వరండాలో కాళ్ళు కడుక్కోవడం అమ్మ అలవాటు. నేను అడ్డం నిలబడ్డాను.

"మా, బాత్రూములో కడుక్కో. ఆడ... మెషీన్ నీళ్ళు కారతా ఉండాయి."

అమ్మ ముక్కుపుటాలు కదిలాయి. "ఏమి వాసన రా?"

"పక్కింటోళ్ళు ఏమో వండుకుంటా ఉండారు."

అమ్మ నా ముఖం చూడలేదు. నా చేతులు చూసింది. కుడిచేతి వేళ్ళకు తెల్లగడ్డ పొట్టు అతుక్కుని ఉంది. లోపలి నుంచి బక్కెట మీద వాంతి శబ్దం వినిపించగానే అమ్మ నన్ను పక్కకు జరిపి ముందుగది గుమ్మం దాకా పోయింది. అక్కడ ఆగింది. నేల మీద కోడలు, పక్కన పళ్ళెం, పళ్ళెంలో కొరికి వదిలేసిన రొయ్యలు.

"అత్తా, నేనే అడిగినా," అంది నా భార్య, లేవబోయి లేవలేక. "ఆయన్ని ఏం అనబాక. నేనే మాట తప్పినా."

అమ్మ కొంచెంసేపు ఆ పళ్ళెం వైపు చూసింది. ఆ చూపులో అసహ్యం ఉంటుందని భయపడ్డాను. అది ఉంది. కాని అమ్మ దాన్ని అణచుకుంటున్నట్టు కూడా తెలిసింది.

"తినిందా?" అని నన్ను అడిగింది.

"లేదు మా. ఉప్పు ఎక్కువైంది. కక్కేసింది."

"రుచి చూడలేదా?"

"మన ఇంట్లో ఎవురు చూస్తారు మా?"

అమ్మకు అప్పుడు వచ్చింది కోపం. నాయన పోయాక అంత కోపం ఎప్పుడూ చూడలేదు. "పెరుమాళ్ళకు పెట్టేటప్పుడు చూడకూడదు. ఆయన ముందు తినాల, అందుకని చూడకూడదు. నువ్వు ఇప్పుడు పెడతా ఉండేది ఎవురికి రా? కడుపుతో ఉండే బిడ్డకు! బిడ్డకు పెట్టేటప్పుడు రుచి చూడకుండా పెడతావా? నీకు పాలు పట్టేటప్పుడు నేను చూడకుండా పట్టినానా?"

నేను తల వంచుకున్నాను.

"ఇంకా ఉండాయా?"

"సగం ఉండాయి. పచ్చివి. కాని వెన్న అంతా ఉప్పే..."

అమ్మ వంటగదిలోకి పోయింది. ఫ్రిజ్జు తెరిచిన చప్పుడైంది. వరండా తలుపు తీసి, గడప అవతలే నిలబడి, మర్నాటి ఆరగింపుకు ఎత్తిపెట్టిన వెన్న గిన్నె చేత్తో పట్టుకుని, "గిన్నె పట్టు" అంది. కొత్త స్టీలు గిన్నె కడిగి పట్టాను. తగలకుండా పైనుంచి గంటెతో వెన్న వేసింది. గంటెను లోపలికి తీసుకుపోకుండా వరండా మూలన వదిలేసింది. "అది దేవుడిది మా," అన్నాను. "నాకు తెలీదా?" అంది.

రొయ్యలు ఐసులోంచి తీసి, ముందు అంటుకున్న ఉప్పంతా పోయేలా కడిగాను. మళ్ళీ తెల్లగడ్డ దంచాను. అమ్మ గడప అవతల పీట వేసుకుని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అమ్మ చూస్తుండగా తెల్లగడ్డ దంచడం కన్నా దొంగతనంగా దంచడమే సులువు. ఉప్పు డబ్బా మీద చెయ్యి పెడితే "వెయ్యొద్దు" అంది. "ముందు ఉడకనీ." డబ్బా బుస్సుమని తిరిగింది. లాగి చూస్తే ఎర్రబడ్డాయి, వంగాయి.

"చూడు," అంది అమ్మ.

అర్థం కానట్టు నిలబడ్డాను.

"నోట్లో వేసుకో. చూడు. ఆమెతో చూపించినావంటే మళ్ళీ కక్కతాది. నేనైతే చూడలేను. నువ్వే చూడాల."

నలభై దగ్గరపడుతున్న మనిషిని, ఎప్పుడూ కోడిగుడ్డు కూడా తాకినవాణ్ణి కాదు. కన్నతల్లి ఎదురుగా నిలబడి, రొయ్య తినమని కన్నతల్లే చెబితే ఏ ముఖం పెట్టాలో ఏ శాస్త్రంలోనూ రాయలేదు. చిన్నది ఒకటి తీసుకుని కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాను. మింగలేక కక్కలేక అంటారే, అది నిజంగా ఎట్లా ఉంటుందో ఆ క్షణంలో తెలిసింది. పళ్ళ కింద అది మెత్తగా, కొంచెం సాగుతూ ఉంది. తియ్యగా ఉంది. తియ్యగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అమ్మ కళ్ళు నా దవడ మీదే ఉన్నాయి. మింగాను.

"ఎట్లుండాది?"

"ఉప్పు చాల్లేదు."

"చల్లు. రెండు వేళ్ళతో. మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. "సరిపోయింది మా," అన్నాను.

"అయితే పెట్టు పో."

నా భార్య మొదట ఒకటే తింది. అది లోపల ఉంటుందో లేదో చూసుకున్నట్టు కాసేపు ఆగింది. తరువాత ఇంకొకటి. తరువాత పళ్ళెం తన ఒళ్ళోకి లాక్కుని, వేళ్ళకు అంటిన వెన్న కూడా నాకి, తల ఎత్తకుండా తింది. అన్నం ముద్ద కూడా అడిగింది. గిన్నెలో నాలుగే మిగిలాయి, వాటిని ఐసులో పెట్టమంది. అమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని గుమ్మంలోంచి చూస్తోంది. బక్కెట మంచం పక్కనే ఉంది. మామూలుగా తిన్న కాసేపటికే తిరిగొచ్చేది. మేమిద్దరం ఆ బక్కెట వైపే చూస్తూ కూర్చున్నాం. ఆమె దగ్గితే నేను లేచి నిలబడ్డాను. పక్కకు తిరిగితే అమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో కుక్కరు ఈల వేసింది. నెమ్మదిగా ఆమె ఊపిరి బరువుగా, ఒకే తీరుగా రావడం మొదలైంది.

"నిద్రపోయినాదా?" అంది అమ్మ.

"పోయినాది."

అమ్మ లేచి తలస్నానం చేసింది. ఆ రోజు పొయ్యి ముట్టించలేదు. సాయంత్రం ఏమన్నా తిను మా అంటే మంచినీళ్ళు తాగింది. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండునని సాయంత్రమంతా ఎదురుచూశాను.

శనివారం పొద్దున నేను స్నానం చేసి, తడిగుడ్డతో పూజగదికి వచ్చేసరికి అమ్మ సాలగ్రామాన్ని వెండి పెట్టెలో పెట్టి పట్టుగుడ్డ చుట్టేసి ఉంది. పక్కనే నాయన వాడిన చిన్న గంట, పంచపాత్ర ఒక సంచిలో సర్ది ఉన్నాయి.

"కారు తియ్యి. చిత్తూరికి పోదాం. మీ చిన్నాయన ఇంట్లో పెట్టొద్దాం."

"మా, వద్దు. పుణ్యాహం చేయిస్తా. ఇల్లంతా కడుగుతా. ప్రాయశ్చిత్తం ఏదుంటే అది చేసుకుంటా. నన్ను పూజ చెయ్యొద్దంటే చెయ్యను. ఆయన్ని మాత్రం పంపించొద్దు."

అమ్మ గొంతు పెంచలేదు. "ఒక దినమైతే కడుక్కుంటాం. ఆ బిడ్డ కనే దాకా దినామూ కడుగుతావా? నువ్వు కడిగే కొద్దీ ఆ బిడ్డ, నా వల్లే గదా అని, తినడం మానేస్తాది. ఆమె సంగతి నాకు తెలుసు. మాట ఇచ్చిందంటే చచ్చినా నిలబెట్టుకుంటాది. అందుకే నాకు భయం."

"మరి నువ్వు?"

"నేనా? నేను ఈడే ఉంటా. బిడ్డను వదిలి యాడికి పోతా? ఆమెకు దగ్గరుండి పెట్టేవాళ్ళు కావాల. ఆయనకు చిన్నాయన ఉండాడు. ఆమెకు మనమే గదా ఉండేది." పట్టుగుడ్డ ముడి సవరించి, "ముందు ఆమెకు పెట్టేసి రా. పొద్దున లేచినప్పట్నుంచి ఆకలంటా ఉండాది," అంది.

ఐసులో ఉన్నవి బాగా వేడి చేసి, అన్నంతో పెట్టాను. నా భార్యకు విషయం తెలిసి మళ్ళీ ఏడవబోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి, "నమిలేటప్పుడు ఏడవకూడదు, పొరబోతాది," అంది. పక్కింటి ఆవిడను తోడు కూర్చోబెట్టి బయలుదేరాం.

అమ్మ వెనక సీట్లో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చంద్రగిరి దాటాం, మామిడి తోటలు వచ్చాయి. అద్దంలో చూస్తే పెదవులు కదులుతున్నాయి, చేతులు పట్టుగుడ్డ మీద జోకొట్టినట్టు ఆడుతున్నాయి. నా పెళ్ళి నాడు కూడా అమ్మ ఒక్క పూట ఆయనకు నైవేద్యం పెట్టకుండా భోజనం చెయ్యలేదు. నాయన పోయిన పదకొండు రోజులు మాత్రమే అమ్మ చేతి వంట ఆయనకు అందలేదు. తల్లి దగ్గర్నుంచి చంటిబిడ్డను విడదీసి తీసుకుపోతున్నట్టు అనిపించింది. అమ్మ ఒక్క మాట, తిప్పు అంటే చాలు, తిప్పేద్దామని దారి పొడుగునా వెనక్కి చెవి పెట్టే ఉన్నాను.

పూతలపట్టు దగ్గర దారులు కలిసే చోట "నిలుపు" అంది.

నిలిపాను. అమ్మ పెట్టె పట్టుకుని దిగి రోడ్డు పక్కన, లారీలు పోతుంటే దుమ్ములో నిలబడింది. మొహం మేము వచ్చిన దారి వైపే ఉంది. తిప్పమంటుందని అనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను, తిప్పమనాలని దేవుణ్ణి మొక్కుకున్నాను. ఆ మొక్కు కూడా ఆ పెట్టెలో ఉన్న ఆయనకే.

"ఫోను చెయ్యి ఆమెకు," అంది అమ్మ. "పొద్దున తిన్నది నిలిచిందేమో అడుగు."

చేశాను. అమ్మకు వినిపించేలా పెట్టాను.

"నిలిచినాది," అంది నా భార్య. గొంతులో ఎన్నాళ్ళుగానో లేని సత్తువ ఉంది. "ఏం తిప్పలేదు. మళ్ళీ ఆకలేస్తా ఉండాది. అత్త తినిందా ఏమన్నా?"

అమ్మ కళ్ళు మూసుకుని పెట్టెను రొమ్ముకు హత్తుకుంది. అమ్మ ఏడవడం నేను నాయన పోయినప్పుడు చూశాను, అప్పటికన్నా ఎక్కువ ఏడ్చింది. నేను దగ్గరికి పోయి పట్టుకోబోతే, పెట్టెకు నేను తగలకుండా పక్కకు తిరిగింది. నా చెయ్యి గాల్లో ఆగిపోయింది. అక్కడ నిలబడలేక కారెక్కి కూర్చున్నాను.

కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి కూర్చుని తలుపు వేసింది.

"పద. ఇంక యాడా నిలపొద్దు," అంది. "మళ్ళీ నిలిపినావంటే నేను దిగి ఎనక్కి పోతా."

చిత్తూరు దారి పట్టాను. ఊళ్ళో మొదటి సిగ్నలు ఎర్రగా ఉన్నా ఆగలేదు.